తలకిందుల బాల్దో

అవమానపు బొమ్మ గీయాలని కబురొస్తే చాలు, మోంతెలారాలో చిత్రకారులందరికీ ఒక్కసారిగా రోగాలొచ్చేవి. ఒకడికి నడుము పట్టేసేది, ఇంకొకడికి కళ్లకలక, మూడోవాడి పెళ్లానికి సరిగ్గా ఆ వారమే నొప్పులు మొదలయ్యేవి. ద్రోహి చేతికి చిక్కకుండా పారిపోతే, వాడి బొమ్మని న్యాయసభ గోడ మీద ఒంటికాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడుతున్నట్టు గీయించడం ఆ ఊరి ఆచారం. మనిషి దొరక్కపోయినా పరువు దొరికింది కదా, దాన్నే ఉరితీద్దామని. అలాంటి బొమ్మ గీసిన చెయ్యి మైలపడుతుందనీ, ఆ చేత్తో గీసిన మేరీమాతకి దణ్ణం పెట్టినా ఫలితం ఉండదనీ కూడా ఆ ఊరివాళ్లే నమ్మేవారు. అందుకే తప్పనిసరై ఒప్పుకున్నవాడు గోడ చుట్టూ చాపలు కట్టించుకుని, లోపల ఎవరున్నదీ తెలియకుండా నాలుగు గీతలు గీకి, కింద పేరు రాసి, మొహం కప్పుకుని జారుకునేవాడు.

పండితుడు లత్తాన్సియో బొమ్మ గీయించాలని సభ తీర్మానించిన రోజున మాత్రం బాల్దో పరిగెత్తుకుంటూ వెళ్లాడు. నలభై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులవాడు, న్యాయసభ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, గుమాస్తా సెర్ బోనో బల్ల ముందు రొప్పుతూ నిలబడ్డాడు.

"ఆ పని నాకివ్వండి."

సెర్ బోనో కలం కింద పెట్టాడు. "మతిగానీ పోయిందా బాల్దో? చర్చిలకి బొమ్మలు గీసే మనిషివి. పైగా ఆయన నీ స్నేహితుడు కదయ్యా. ఆయన బొమ్మ గీసింది కూడా నువ్వేగా?"

"అందుకే అడుగుతున్నా. ఆ మొహం నాకంటే బాగా ఎవడికి తెలుసు?"

"సరే, నీ ఇష్టం. చాపలు కట్టిస్తాలే, ఎవరికీ తెలీకుండా..."

"చాపలొద్దు. గీసేది నేనేనని ఊరంతా చూడాలి. ఎక్కడున్నా వాడి చెవిన పడాలి."

సెర్ బోనో ఆ పని బాల్దో పేరున రాసేశాడు. నాలుగేళ్ల కిందట జరిగిందంతా అదే బల్ల వెనక కూర్చుని రాసుకున్న మనిషి ఆయన.

బాల్దో తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడు. పన్నెండో ఏట కొడుకుని అరెత్సోలో ఒక చిత్రకారుడి దగ్గర పనికి పెట్టాడు. అక్కడ ఏడేళ్లపాటు రంగురాళ్లు నూరీ నూరీ బాల్దో కుడిభుజం ఎడమదాని కంటే లావెక్కింది. తల్లిదండ్రులు ఒకే చలికాలంలో జ్వరంతో పోతే ఊరికి తిరిగొచ్చి, పదకొండేళ్ల తమ్ముడు మెయోని పెంచుకుంటూ, పెళ్లిపెట్టెల మీద బొమ్మలూ చర్చి ఊరేగింపు జెండాలూ సత్రాల ముందు పలకలూ గీసి బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, మూడేళ్లకే భార్య పోయింది. తమ్ముణ్ణి బట్టలకి రంగులద్దేవాళ్ల దగ్గర పనిలో పెట్టి, తెస్సా అనే పిల్లని తెచ్చి పెళ్లి చేసి, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు. చెప్పుకోవడానికి పెద్ద జీవితమేమీ కాదు, కానీ ఆ ఇంట్లో నవ్వులుండేవి.

లత్తాన్సియో ఆ నవ్వులకి వచ్చి చేరాడు. పాదువాలో చదువుకుని, మూడు కంచరగాడిదల మోత పుస్తకాలతో ఊరికొచ్చిన మనిషి. ఊళ్లో పెద్దవాళ్లకి ఆయన చదువు అర్థం కాదు, ఆయనకి వాళ్ల కబుర్లు నచ్చవు. మధ్యాహ్నాలు బాల్దో పనిశాలకొచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని, పాతకాలపు గ్రీకు కథలు పైకి చదివేవాడు. మధ్యలో ఆగి, "బాల్దో, నువ్వు ఆ రోజుల్లో పుట్టుంటే రాజులు నీ గుమ్మంలో నిలబడేవారయ్యా" అనేవాడు. జీను కుట్టేవాడి కొడుకుతో అంతకుముందు ఎవరూ అలా మాట్లాడలేదు. బాల్దో కరిగిపోయాడు. కరిగి, నీ బొమ్మ గీస్తాను, ఊరికే గీస్తానన్నాడు.

నాలుగు నెలలు పట్టింది. ముందు కాగితం మీద మొహం గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, ఆ కాగితాన్ని చెక్కపలక మీద పరచి బొగ్గుపొడి మూటతో అద్దితే, కింద చుక్కలుగా ఆనవాలు పడుతుంది. అందరూ చేసే పనే అది. కానీ ఆ చుక్కల మీద బాల్దో వేసిన రంగు మాత్రం అంతకుముందెప్పుడూ వేయలేదు, ఆ తర్వాతా వేయలేదు. ఎర్ర అంగీ, పుస్తకం మధ్యలో పెట్టిన చూపుడువేలు, చదివినది అప్పుడే అర్థమైన మనిషి పెదవి మీద మెదిలే చిన్న నవ్వు. ఎంత ఇష్టపడి గీశాడో ఆ నవ్వు చూస్తే తెలిసిపోతుంది.

ఆ నాలుగు నెలలూ మెయో పని ముగించుకుని మోచేతుల దాకా నీలం రంగుతో వచ్చి ఓ మూల కూర్చునేవాడు. లత్తాన్సియో అతనికి చదవడం రాయడం నేర్పాడు. మంచి మనసుతోనే నేర్పాడని నేనూ ఒప్పుకుంటాను. ఊళ్లో రంగులద్దేవాళ్లలో చదువొచ్చినవాడు మెయో ఒక్కడే అయ్యాడు, అదే అతని మెడకి చుట్టుకుంది.

బొమ్మ లత్తాన్సియో ఇంటి గోడెక్కిన నెలలోపే చర్చి తలుపు మీద ఒక కాగితం కనిపించింది. ధాన్యం కొట్ల తాళాలు పగలగొట్టండి, సభ పెద్దల్ని ఊరవతలకి తరమండి అని రాసి ఉంది. కాపలావాళ్లు వెతగ్గా, మెయో నడుముకి చుట్టుకున్న గుడ్డలో అలాంటివే మరో రెండు దొరికాయి. రాసింది లత్తాన్సియో. అంటించి రమ్మని ఇచ్చిందీ లత్తాన్సియోనే. జైలు కిటికీ ఊచల్లోంచి మెయో అన్నకి ధైర్యం చెప్పాడు, "కంగారుపడకన్నా. రేపు ఆయనే సభకొచ్చి అంతా చెప్తానన్నారు. తెస్సాని ఏడవొద్దని చెప్పు."

ఆయన వచ్చిన మాట నిజమే. బొమ్మలో ఉన్న ఆ ఎర్ర అంగీలోనే వచ్చాడు. సభ పెద్ద అడిగాడు, "రంగులద్దేవాడికి ఇంత చక్కగా రాయడం వస్తుందంటారా? పండితులు, మీరు చెప్పండి."

లత్తాన్సియో గొంతు సవరించుకున్నాడు. "వస్తుంది. వాడికి అక్షరాలు నేర్పింది నేనే. తెలివైనవాడు."

"ఓరి దుర్మార్గుడా! రాసింది నువ్వు కాదట్రా?" అని బాల్దో జనంలోంచి అరిచాడు. ఇద్దరు భటులు అతన్ని జబ్బలు పట్టి ఈడ్చి బయట పడేశారు. గురువారం నాడు మెయోని ఉరితీశారు. తెస్సా చంకలో ఉన్న కూతురు నెంచాకి అప్పటికి పదకొండు నెలలు.

లత్తాన్సియోకి సభలో కొలువు దొరికింది. వెనక ఇద్దరు భటులు లేకుండా వీధిలోకి వచ్చేవాడు కాదు. బాల్దో రెండుసార్లు కత్తి నడుములో దోపుకుని వెళ్లి, రెండుసార్లూ దగ్గరికి కూడా పోలేక తిరిగొచ్చాడు. పీక కోసే దారి మూసుకుపోయింది. అందుకని కోపాన్ని ఆరిపోకుండా కాపాడుకున్నాడు. బెజ్జాల కాగితం అతని దగ్గరే ఉంది కదా, ప్రతి ఆదివారం పూజ ముగిశాక దాన్ని కిటికీ వెలుగులో పరచి, ఆ మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, వెంట్రుక కూడా వదలకుండా చూసేవాడు. ఈ కన్నే నా తమ్ముణ్ణి చూసింది, ఈ నోరే ఆ మాట అంది అని పళ్లు నూరుకునేవాడు. కొందరు శత్రువుని మరిచిపోయి హాయిగా బతుకుతారు. బాల్దోకి మరుపంటేనే తమ్ముడికి ద్రోహం చేసినట్టనిపించేది. నన్నడిగితే, అతని కోపంలో వీసమెత్తు తప్పు లేదు.

మూడేళ్లు దాటాయి. సభలో ఒక వర్గం దిగిపోయి ఇంకో వర్గం ఎక్కింది. పక్క ఊరి శత్రువులకి లత్తాన్సియో రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. ఈయనకి కాగితాల పిచ్చి ఎప్పుడూ ఉన్నదే. వాసన పసిగట్టి, ఉత్సవం జనంలో కలిసిపోయి, ఫెర్రారాకి పారిపోయాడు. ఇల్లు సభ స్వాధీనం చేసుకుంది. పెళ్లి లేకుండా తమ్ముడి కోసమే బతికిన అక్క పియేరాని బయటికి పంపేశారు. ఆవిడ రొట్టెలబట్టీ వెనక చిన్న గదిలో చేరింది. తొమ్మిది నెలలు ఎదురుచూసి, ఇక మనిషి దొరకడని తేలాక, సభవాళ్లు గోడ బొమ్మకి తీర్మానం చేశారు.

అలా బాల్దో చేతికి గోడ దొరికింది.

కట్టెల మంచె ఎక్కేముందు సెర్ బోనో సలహా ఇచ్చాడు. "నాలుక బయట పెట్టించు. కళ్ల దగ్గర నాలుగు కాకులు వేయి. కింద పేరు ఎలాగూ రాస్తాంగా, అంత కష్టపడకు."

"నాలుక పెడితే పోలిక చెడుతుంది. నాకు పోలిక కావాలి. పేరు చదవడం రాని వీధికుక్క కూడా వాణ్ణి గుర్తుపట్టి మొరగాలి," అన్నాడు బాల్దో. అతను చేసిన తప్పు ఇదే. కసిలో మునిగిన మనిషికి తనేం చేస్తున్నాడో కనిపించదు. ఉరికి వేలాడేవాడి మొహం గీయడానికి వెళుతూ, పుస్తకం చదువుకునే స్నేహితుడి కాగితం చంకలో పెట్టుకెళ్లాడు.

గోడ మీద తడి సున్నం పూయించి, కాగితం తలకిందులుగా పరచి, బొగ్గుపొడి అద్దాడు. సున్నం ఆరేలోపు రంగు పడిపోవాలి, ఆలోచించుకునే వ్యవధి ఉండదు. పొద్దున్నుంచీ తిండి లేకుండా గీశాడు. కింద సంత జనమంతా చేరారు.

"బాల్దో! ఎవరయ్యా ఆయన? నాకైతే సెయింట్ పీటర్‌లా కనిపిస్తున్నాడు!" అని మంగలి నార్దో కింద నుంచి కేకేశాడు. సెయింట్ పీటర్‌ని తలకిందులుగానే సిలువ వేశారు కదా, జనం ఘొల్లుమన్నారు.

"సెయింట్ పీటర్‌కి అంత ఖరీదైన అంగీ ఎక్కడిదిరా?" అంది చేపలమ్మే చెక్కా. "ఉండండి, నే చూసి చెప్తా." అని వెనక్కి తిరిగి, పావడా చేత్తో పట్టుకుని, నడుము వంచి, కాళ్ల సందులోంచి గోడకేసి చూసింది. "ఓరి నాయనో! లత్తాన్సియోనేరా! అచ్చు గుద్దినట్టున్నాడు! ఇప్పుడే నోరు తెరిచి లాటిన్ మాట్లాడేటట్టున్నాడు!"

ఇంకేముంది, సంత సంతంతా వెనక్కి తిరిగి వంగింది. నార్దో వంగాడు, రొట్టెలవాడు వంగాడు, ఊరి పిర్రలన్నీ న్యాయసభకేసి తిరిగాయి. మేడ వరండాలోకి వచ్చిన సభ పెద్దలు ఆ దృశ్యం చూసి మొహాలు మాడ్చుకుని లోపలికెళ్లిపోయారు. మంచె మీద బాల్దో నాలుగేళ్ల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత రెండు వారాలు అతని జీవితంలో పండగ. పిల్లలు బొమ్మ మీద కుళ్లిన ముల్లంగులు విసిరేవారు. సంతకొచ్చిన పల్లెటూరి వాళ్లు ఉమ్మేసి పోయేవారు. బాల్దో ఎదురుగా ఉన్న వైన్ దుకాణం బల్ల మీద కూర్చుని, ఒక్కొక్క ఉమ్మూ తన ఒళ్లో పడ్డ పువ్వన్నట్టు చూసుకునేవాడు. మఠంవాళ్లు ముందు చెప్పిన బలిపీఠం బొమ్మ ఇక వద్దని కబురు పంపారు. వద్దంటే వద్దులే అన్నాడు. ఊళ్లోవాళ్లు 'తలకిందుల బాల్దో' అని పేరు పెట్టారు. పిలిస్తే పలికాడు.

మూడో వారంలో పియేరా వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, చేతిలో ఒక చిన్న పీట. గోడ కింద పీట వేసుకుని కూర్చుని, తల పూర్తిగా పక్కకి వాల్చి, దాదాపు భుజం మీద పెట్టుకుని, పైకి చూస్తూ ఉండిపోయింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. దుకాణంలోంచి చూస్తున్న బాల్దోకి కడుపు చల్లబడింది. సొంత అక్క తమ్ముడి అవమానం చూసి కుమిలిపోతోందనుకున్నాడు. నాలుగో రోజు ఆగలేకపోయాడు. ఆవిడ శాపనార్థాలు చెవులారా వినాలనిపించి లేచి వెళ్లాడు. ఒకప్పుడు ఆవిడ చేతి బీన్స్ పులుసు ఎన్నోసార్లు తిన్న మనిషే.

"ఏం పియేరక్కా, ఎలా ఉంది?"

ఆవిడ తల ఎత్తి అతన్ని చూసి, పీట మీద కొంచెం జరిగింది. "నువ్వా బాల్దో, రా నాయనా, కూర్చో. నీ దగ్గరికే వద్దామనుకుంటున్నా, మొహం చెల్లక ఆగిపోయా."

"దేనికి?"

"ఇంట్లో ఉన్న బొమ్మని భటులు గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టారు. నా కళ్ల ముందే. వాడు ఇక ఈ ఊరు రాడు, నేను ఫెర్రారా దాకా నడవలేను. వాడి మొహం ఇక చూడకుండానే పోతాననుకున్నా. నువ్వు మళ్లీ గీశావు." ఆవిడ అతని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. "మెడ కొంచెం నొప్పెడుతుందంతే. అలవాటైపోతుందిలే."

బాల్దో చెయ్యి లాక్కున్నాడు. "నేను వాణ్ణి ఉరేశానక్కా! తలకిందులుగా కట్టి ఉరేశాను! అది కనపడట్లేదా నీకు?"

"కనపడుతోంది నాయనా. మెయో విషయంలో వాడు చేసింది పాపమే. ఎందుకలా చేశావురా అని వాణ్ణి ఎన్నిసార్లు అడిగానో, ఏడ్చేవాడే గానీ జవాబు చెప్పేవాడు కాదు. నీకు కోపం ఉండాల్సిందే. కానీ ఆ తాడూ ఆ కాలూ కోపంతో గీశావు గానీ, మొహం కోపంతో గీయలేదు నువ్వు. చదువుకునేటప్పుడు అచ్చం అలాగే ఉండేవాడు."

బాల్దోకి ఇంకా ఒక్క ఆశ మిగిలింది. "వాడికి తెలిసిందా?"

"ఆ, ఫెర్రారా నుంచి వచ్చిన సన్యాసి చెప్పాడు. గోడ మీద నీ బొమ్మ వేశారటయ్యా అంటే, వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదట."

"వచ్చాక?"

"గీసిందెవరని అడిగాట్ట. బాల్దో అని చెప్తే, 'అయితే నాలాగే ఉండుంటుంది' అన్నాట్ట."

బాల్దో లేచాడు. తిన్నగా ఇంటికెళ్లి, సున్నం చెక్కే సుత్తి తీసుకుని, పట్టపగలే సంత మధ్యలోంచి గోడ దగ్గరికి వచ్చాడు. నిచ్చెన వేసేలోపే భటులు పట్టుకున్నారు. గొడవకి సెర్ బోనో కిందికి దిగొచ్చాడు.

"వదలండి! అది నా బొమ్మ! మొహం చెక్కేసి మళ్లీ గీస్తా! ఈసారి కాకులు పెడతా, నాలుక పెడతా, మీరేది చెప్తే అది పెడతా!"

"గోడ సభది, బొమ్మ సభది," అన్నాడు సెర్ బోనో. "ఇంత పోలిక ఎక్కడా చూడలేదని పెద్దలు మెచ్చుకున్నారయ్యా. దాని మీద చెయ్యేస్తే ద్రోహం కింద లెక్క. నీ బొమ్మ దాని పక్కనే గీయించాల్సొస్తుంది."

"ఎవడు గీస్తాడు?"

"చాపలు కట్టిస్తే ఎవడో ఒకడు దొరక్కపోడు. ఇంటికెళ్లు బాల్దో."

ఇంట్లో తెస్సా మధ్యాహ్నం రొట్టె, ఉల్లిపాయలు బల్ల మీద పెట్టింది. బాల్దో రొట్టె ముట్టకుండా జరిగిందంతా చెప్పాడు. పియేరాని తిట్టాడు, సెర్ బోనోని తిట్టాడు, తన చేతుల్ని తనే తిట్టుకున్నాడు. తెస్సా కూడా తనతో కలిసి తిడుతుందనుకున్నాడు. ఆమె మాత్రం అతను ముట్టని రొట్టెని గుడ్డలో చుట్టి పెట్టింది.

"ఆవిడకి చూసుకోడానికి గోడైనా ఉంది," అంది చివరికి. "నాకేముంది బావగారూ?"

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"నెంచాకి ఐదేళ్లు నిండాయి. నాన్న ఎలా ఉండేవాడమ్మా అని రోజూ పీక్కుతింటోంది. నీలం చేతులుండేవే అని చెప్తున్నా. మరి మొహం అంటుంది. కళ్లు మూసుకుంటే నాకే సరిగ్గా రావట్లేదండీ ఈ మధ్య. ఆవిడ తమ్ముణ్ణి రెండుసార్లు గీశారు మీరు. మీ తమ్ముణ్ణి ఒక్కసారి గీసివ్వండి."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. బాల్దో ఆ మధ్యాహ్నం పనిశాలలో కాగితాలన్నీ తిరగేశాడు. పాతికేళ్ల పని. రొట్టెలవాడు గొర్రెలకాపరిగా ఉన్నాడు, పిండిమరవాడు రోమన్ సైనికుడిగా, నార్దో తల్లి సెయింట్ ఆన్‌గా ఉన్నారు. ఊళ్లో సగం మంది మొహాలున్నాయి. మెయో ఒక్కచోట కూడా లేడు. రోజూ ఎదురుగా కూర్చునేవాణ్ణి గీయాలని ఎవరికి తోస్తుంది? పక్కనున్నవాడు పక్కనే ఉంటాడనుకుంటాం.

బొగ్గుముక్క తీసుకుని కూర్చున్నాడు. అప్పటినుంచీ రోజూ అదే పని. తెస్సాని పిలిచి అడిగేవాడు.

"ముక్కు?"

"కొంచెం చప్పిడి."

"చప్పిడేం కాదే, మా నాన్న ముక్కు."

"నాకు తెలీదా బావగారూ? మొగుడి ముక్కు నాకు తెలీదా?" అనేది, అంతలోనే తనకీ అనుమానం వచ్చి ఆగిపోయేది. కనుబొమలు కలిసి ఉండేవా, లేవా? కుడి చెంప మీద గాటు చిన్నప్పుడు కుక్క కరిచిందా, రంగుల తొట్టి అంచు తగిలిందా? ఇద్దరూ కలిసి మనిషిని ముక్కలు ముక్కలుగా పోగుచేయబోయి, ప్రతి ముక్క దగ్గరా పోట్లాడుకునేవారు. గీసినవన్నీ ఎవరో దారినపోయేవాళ్లలా వచ్చేవి. బాల్దో వాటిని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

తొమ్మిదో రోజున, ఏమీ అడక్కుండా, ఏమీ తలచుకోకుండా చెయ్యి దానంతటదే కదిలింది. కన్ను వచ్చింది, ప్రాణమున్న కన్ను. కంటి వెంట చెంప, చెంప వెంట పెదవి. మెయో మీద నాలుగేళ్లుగా అదిమిపెట్టిన ప్రేమంతా వేళ్లలోకి దిగినట్టు, ఒక్క గీత చెరపనక్కర లేకుండా మొహం కాగితం మీదికి వచ్చేసింది. బాల్దో ఏడ్చాడు. ఏడుస్తూనే గీసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. బావి దగ్గర నిలబడి, వచ్చాడు, నా తమ్ముడు వచ్చాడు అని పైకే అనుకున్నాడు.

తిరిగొచ్చేసరికి నెంచా కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"పెదనాన్నా, నాన్నేనా?"

"నాన్నేనే తల్లీ."

"నవ్వుతున్నాడు!" అని ఆ పిల్ల కాగితం మీది చెంపకి ముద్దు పెట్టింది. మూతికి బొగ్గు అంటుకుంది. మళ్లీ పెట్టింది.

తెస్సా రొట్టెల బుట్టతో వచ్చి, కూతురి భుజం మీదుగా వంగి చూసింది. బుట్ట కింద పెట్టేసింది. తర్వాత తల తిప్పి బాల్దోకేసి చూసింది. ఆ చూపు వెంట బాల్దో కూడా కాగితం చూశాడు, ఈసారి సరిగ్గా చూశాడు.

చదివినది అప్పుడే అర్థమైన మనిషి పెదవి మీద చిన్న నవ్వు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఏ మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా కంఠతా పట్టాడో, అతని చేతికి ప్రాణం పోయడం తెలిసిన మొహం అదొక్కటే. మెయో కోసం కసి నిలుపుకుంటున్నానని అనుకుంటూ, మెయోకి చోటు లేకుండా ఆ మొహంతోనే తనని తాను నింపుకున్నాడు.

"నాన్నా, నా పేరు నెంచా," అని ఆ పిల్ల లత్తాన్సియోతో చెబుతోంది.

బాల్దో ఒక్క ఉదుటున వెళ్లి కాగితం లాక్కుని నిలువునా చింపాడు. మళ్లీ చింపాడు. వేళ్లకి అందనంత చిన్న ముక్కలయ్యేదాకా చింపుతూనే ఉన్నాడు. నెంచా మొదట బిత్తరపోయింది, తర్వాత గుక్కపట్టి ఏడుస్తూ అతని మోకాళ్ల మీద పిడికిళ్లతో గుద్దింది. అది నాన్న కాదే అని చెప్పబోయాడు. మరి నాన్న ఎలా ఉంటాడని అడిగితే చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. తెస్సా పిల్లనెత్తుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత అతను ఇంకో పదకొండేళ్లు బతికాడు. సత్రాల పలకలు గీశాడు, మొహాలు మాత్రం గీయలేదు. లత్తాన్సియో మీద కోపం చివరిదాకా తగ్గలేదు. గోడ మీది బొమ్మ వానలకి వెలిసిపోయేదాకా పియేరా పీట వేసుకుని కూర్చుంటూనే ఉంది. నెంచా పెదనాన్న గదిలోకి మళ్లీ అడుగుపెట్టలేదు. బట్టీ దగ్గర రొట్టెల కోసం నిలబడ్డప్పుడు కొత్తవాళ్లెవరైనా చుబుకం పట్టుకుని, మీ నాన్న ఏమయ్యాడే అని అడిగేవారు.

"మా పెదనాన్న చింపేశాడు," అనేది ఆ పిల్ల.